పదిహేడో కొక్కెం

నేపుల్స్‌లో పాటల నాటకాలాడే సాంతా రెస్తితూత థియేటరు రెండుసార్లు తగలబడింది, యుద్ధంలో ఒకసారి బాంబు దెబ్బ తిన్నది, ఆఖరికి కాంట్రాక్టర్ల చేతిలో పడింది. మొదటి మూడు గండాలూ కలిపినా నాలుగోదానికి సాటి రావని నున్జియాత అభిప్రాయం. మరమ్మతులంటూ తలుపులు మూసి మూడేళ్ళు తీశారు మరి. నవంబరు ఆఖరి ఆదివారం మళ్ళీ తెరుస్తున్నారు. ఆట సాయంత్రం నాలుగున్నరకి. నున్జియాత మాత్రం పొద్దున పదింటికే వచ్చేసింది. పొయ్యి మీద ఆదివారపు మాంసం కూరని చెల్లెలికి అప్పజెప్పి, "అడుగంటిందో, నీ పని చెప్తా" అని బెదిరించి మరీ వచ్చింది.

ఆమె అక్కడ ముప్పై ఎనిమిదేళ్ళుగా ప్రేక్షకుల కోట్లు తీసుకుని టోకెన్లిచ్చే మనిషి. ఇన్నేళ్ళలో ఒక్క కోటు, ఒక్క గొడుగు, ఒక్క చేతి తొడుగు పోలేదు. ఆ గర్వం ఆమె నడకలో ఉండేది. ఉండకేం, మంత్రులు మారారు, మేనేజర్లు మారారు, పాడేవాళ్ళ గొంతులు పోయాయి, ఆమె లెక్క మాత్రం తప్పలేదు.

మూడేళ్ళలో ఏం వెలగబెట్టారో చూద్దామని ఒక చుట్టు చుట్టింది. పై గ్యాలరీకి నూట నలభై రెండు మెట్లెక్కే పని లేకుండా లిఫ్టు పెట్టారు. బాగుంది. పదమూడు వందల మంది పట్టే థియేటర్లో ఆడవాళ్ళకి నాలుగే మరుగుదొడ్లుండేవి, ఇప్పుడు ఇరవై కట్టారు. ఇంకా బాగుంది, దీన్ని కట్టించినవాళ్ళు చల్లగా ఉండాలి. చక్రాల కుర్చీలవాళ్ళకి ముందు వరసలో చోటిచ్చారు, చెవిలో పెట్టుకుంటే థియేటరు చరిత్రంతా ఎనిమిది భాషల్లో చెప్పే యంత్రాలు తెచ్చారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు బయట నిలబడి లోపలి ఆట చూసుకోవడానికి ఆమె కౌంటరుకి ఎదురుగానే గోడంత తెర బిగించారు. అది మాత్రం నచ్చలేదు.

"ఆలస్యంగా వచ్చినవాడికి సిగ్గు మిగలాలి గాని సినిమా చూపిస్తారా?" అంది, టికెట్లు చూసే కతెల్లోతో.

"కాలం మారింది అక్కా. రేపు నీ చోట రోబోని పెడతారు, చూస్తూండు."

"పెట్టనీ. దానికి వానలో తడిసిన తోలు కోటు ఆరబెట్టడం నేర్పి అప్పుడు పోతాను."

ఆమె గదిలోనూ మార్పులొచ్చాయి. మీట నొక్కితే కోట్లన్నీ గుండ్రంగా తిరిగే కమ్మీ వచ్చింది. పాత ఇత్తడి కొక్కేలని చెత్తలో పోస్తుంటే ఆమె అడ్డంపడి ఒక్కటంటే ఒక్కటి తీసుకుంది. దాన్ని లోపలి గోడకి, బయటివాళ్ళకి కనపడని మూల, వడ్రంగిని బతిమాలి బిగించుకుంది. దాని మీద అంకె పదిహేడు. వడ్రంగి ఆ అంకె మీద గుడ్డ కప్పి, కీడు తగలకుండా జేబులో తాళంచెవుల ఇనుము పట్టుకుని గాని మేకు కొట్టలేదు.

పదిహేడంటే ఆ ఊళ్ళో అంత భయం. ఆ థియేటర్లో ఏ వరసలోనూ పదిహేడో కుర్చీ లేదు. పదహారు పక్కన పద్దెనిమిదే. కొక్కేలు మాత్రం ఏనాడో పరాయి దేశపు కంచరి పోతపోశాడు, వాడు వరసగా అంకెలేసుకుంటూ పోయాడు. అలా మిగిలిపోయిన పదిహేడో కొక్కేనికి నూరేళ్ళపాటు ఒక్క కోటు తగిలించినవాడు లేడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు లాయరు రుజ్జేరో వచ్చేదాకా.

లాయరు మొదటిరోజే చెప్పాడు. "నాకు పదిహేడివ్వండి. దానికి క్యూ ఉండదు, దొంగ ముట్టుకోడు." అప్పట్నుంచి నలభై ఏళ్ళు ఆయన కోటు అక్కడే వేలాడింది. నక్కతోలు కాలరున్న గోధుమరంగు కోటు, మడమల దాకా వచ్చే పాతకాలపుది. గుండీలన్నీ నల్లవి, పైనుంచి రెండోది మాత్రం తెల్లది. అది ఊడిపోతే ఆయన భార్య డోన్న ఎర్సీలియా చేతికందిన ఎముక గుండీ కుట్టేసింది. ఎనభయ్యొక్క ఏళ్ళు నిక్షేపంగా బతికి ఆయన మంచం మీద నిద్రలో పోతే, ఊరు ఊరంతా "చూశారా, పదిహేడు ఊరికే పోనివ్వదు" అంది. ఇలాంటివాళ్ళకి ఏం చెప్తాం.

ఆయన పోవడానికి పన్నెండు రోజుల ముందు ఆఖరిసారి ఆటకొచ్చాడు. ఏప్రిల్ నెల, మధ్యాహ్నపు ఆట. బయట ఎండ కాస్తోంది. "కోటు ఉండనీ, వచ్చే ఆటకి వేసుకుంటాలే" అని టోకెన్ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. వచ్చే ఆటకి డోన్న ఎర్సీలియా ఒక్కతే వచ్చింది. టోకెన్ తెచ్చింది గాని కోటు అడగలేదు. "ఇంటికి తీసుకెళ్తే ఇక ఆయన రాడని తేలిపోతుంది. ఇక్కడుంటే ఆట చూస్తున్నాడనుకుంటా" అంది. కౌంటరు మీదుగా చెయ్యి చాపి కోటు చేతిని ఒకసారి నిమిరి, టోకెన్ పర్సులో వేసుకుని పోయింది. అది మొదలు పదకొండేళ్ళు. థియేటరు తెరిచి ఉన్న ఏడాదల్లా, ఆటలు మొదలయ్యే రోజున వచ్చి ఇలాగే నిమిరి పోయేది.

ఇంకొకరైతే "ఇది సామాన్ల గోదాము కాదమ్మా" అనేవాళ్ళే. నున్జియాత అనలేదు. ఆమెకి ఈ పని నేర్పింది అస్సుంత పెద్దమ్మ. యుద్ధం రోజుల్లో పరదేశపు నావికుడొకడు కోటు మరిచి ఓడెక్కిపోతే, అస్సుంత దాన్ని పందొమ్మిదేళ్ళు దాచింది. పందొమ్మిదో ఏట వాడి తమ్ముడు సముద్రం దాటి టోకెన్ పట్టుకొచ్చాడు. "టోకెన్ బయట తిరిగినంతకాలం కోటు లోపల వేలాడాలే పిల్లా. అంతకుమించి ఈ ఉద్యోగంలో చదువేం లేదు" అని పెద్దమ్మ చెప్పేది.

థియేటరు మూసేటప్పుడు ఆ కోటుని సిమెంటు దుమ్ములో వదలలేక, నటుల దుస్తుల గది చూసే తొమ్మసీన చేతికిచ్చింది. పురుగు పట్టకుండా, చెమ్మ తగలకుండా బట్టలు దాచడంలో తొమ్మసీనని మించినవాళ్ళు లేరు. ఇవాళ డోన్న ఎర్సీలియా వస్తుంది. అందుకే పన్నెండయ్యేసరికి నున్జియాత నాలుగో అంతస్తు ఎక్కింది. తొమ్మసీన మిరియాలేసిన తరాల్లు బిస్కత్తులు నములుతూ ఎవరిదో పట్టు లంగా ఇస్త్రీ చేస్తోంది.

"ఏదే నా కోటు?"

"ఏ కోటు?"

"తెలీనట్టు అడక్కు. లాయరు గారిది. అట్టముక్క మీద పదిహేడని రాసి, దారంతో కట్టి మరీ ఇచ్చానా లేదా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తొమ్మసీన చెయ్యి మెళ్ళో దిష్టి తగలకుండా వేసుకున్న ఎర్ర కొమ్ము బిళ్ళ మీదికి పోయింది.

"నువ్వా అంకె రాయకుండా ఉండాల్సింది నున్జియా."

"ఏం చేశావే?"

"నేనేం చెయ్యలేదు. బట్టలన్నీ ఊరి బయటి గోదాముకి మారుస్తున్నామా, లారీ రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి డ్రైవరు దిగి, లోపలేదో ఉందమ్మా, ఇది ఇంజను జబ్బు కాదన్నాడు. వెతికితే నీ అట్టముక్క. ఎర్ర సిరా ఒకటి దానికి. చింపి కాలవలో పారేశాను. లారీ కదిలింది."

"లారీ కదిలింది సరే. కోటు?"

"కోటుకేం, ఉంటుంది. గోదాము నుంచి తిరిగొచ్చిన రెండు వేల కోట్లలో ఎక్కడో ఒకచోట."

 నున్జియాత తిట్టడం కూడా మానేసింది, అది ఆమె జీవితంలో అరుదు. ఇద్దరూ కొంగులు బిగించినట్టు చేతులు పైకి మడిచి వెతకడం మొదలుపెట్టారు. రాజుల అంగీలు, పూజారుల అంగీలు, సైనికులవి, బిచ్చగాళ్ళవి, దయ్యాలవి. గోధుమరంగువి నలభై మూడు దొరికాయి. నక్కతోలు కాలరున్నవి ఆరు. తెల్ల గుండీ ఉన్నది ఒక్కటీ లేదు.

"అద్దెకి గాని ఇచ్చారేమో," అంది తొమ్మసీన మెల్లగా. "మధ్యలో రెండు సినిమా కంపెనీలవాళ్ళు వచ్చి కొన్ని పట్టుకెళ్ళారు. అన్నీ తిరిగొచ్చాయనే అనుకున్నాను."

"అనుకున్నావా."

"నన్ను కొట్టవే, కొట్టు. మనసు కుదుటపడుతుంది."

"కొట్టడానికి టైమేది, మూడున్నరకి తలుపులు తీస్తారు. నువ్వు వెతుకుతూనే ఉండు."

కిందికి దిగుతుంటే నున్జియాతకి డోన్న ఎర్సీలియానే గుర్తొచ్చింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. పిల్లలు లేరు. తడుముకోడానికి ఉన్నదల్లా ఆ కోటు చెయ్యి ఒక్కటి. దాన్ని పోగొట్టానని ఏ మొహంతో చెప్పడం? ఉద్యోగం పోతే పోనీ, ఇంకో ఏడాదిలో పింఛనే. కాని ఆ మనిషి చాపిన చెయ్యి గాలిలో ఉండిపోతే తను బతికినంతకాలం ఆ చెయ్యి కళ్ళ ముందే ఉంటుంది.

తలుపులు తీశాక జనం విరగబడ్డారు. కొత్త కమ్మీ గిర్రున తిరుగుతోంది, నున్జియాత చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కళ్ళు మాత్రం గుమ్మం మీదే. నాలుగు గంటలకి డోన్న ఎర్సీలియా వచ్చింది. గుప్పెడు మనిషి, నల్ల చేతి తొడుగులు, వెండి పిడి కర్ర. కతెల్లో పరుగున ఎదురెళ్ళి లిఫ్టు చూపించాడు.

"ఆ ఇనప్పెట్టెలో నేను కాలు పెట్టను నాయనా. పెట్టెలో పెట్టే రోజు ఎటూ వస్తుంది, అప్పుడు పెడుదురుగాని" అని, నేరుగా కౌంటరు దగ్గరికొచ్చింది. "బతికే ఉన్నావా అమ్మాయ్?"

"మీ దయవల్ల అమ్మగారూ."

"నా దయేముంది, నీ ఒళ్ళు గట్టిది." ఆమె తన కోటు విప్పి ఇచ్చి, పర్సులోంచి ఇత్తడి టోకెన్ తీసి బల్ల మీద పెట్టింది. "మా ఆయన ఎలా ఉన్నాడు?"

ఏటా ఇదే ప్రశ్న. ఏటా నున్జియాత "రండి, మీరే చూడండి" అని కోటు తెచ్చి బల్ల మీద పరిచేది.

"బాగున్నారమ్మగారూ," అంది. ముప్పై ఎనిమిదేళ్ళలో కౌంటరు మీద ఆమె ఆడిన మొదటి అబద్ధం. "ఇప్పుడు మరీ రద్దీగా ఉంది. విరామంలో రండి, తీరిగ్గా చూద్దురుగాని."

డోన్న ఎర్సీలియా ఆమె మొహంలోకి కాసేపు చూసింది. వెనక క్యూ చూసింది. "రద్దీకి జంకే మనిషివి కాదే నువ్వు" అని, టోకెన్ తీసుకుని, కర్ర తాటించుకుంటూ మెట్లెక్కి రెండో అంతస్తులో తన బాక్సుకి వెళ్ళిపోయింది.

ఆట మొదలైంది. ముందుగది ఖాళీ అయింది. మొదటి అంకమంతా నున్జియాత స్టూలు మీద కూచుని గోళ్ళు కొరుక్కుంటూ ఏం చెప్పాలో వల్లె వేసుకుంది. దొంగలెత్తుకుపోయారని చెప్పొచ్చు. ఎలకలు కొట్టాయని చెప్పొచ్చు. పోనీ నక్కతోలు కాలరున్న ఆ ఆరు కోట్లలో ఒకదానికి తెల్ల గుండీ కుట్టేసి ఇస్తే? ఆ ఆలోచన వచ్చినందుకు తన చెంప తనే వాయించుకుంది. పైనుంచి రెండుసార్లు తొమ్మసీన ఫోను చేసింది. లేదు, లేదు.

రెండో అంకం మంచు కురిసే సంత. కతెల్లో ఎదుటి తెర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అక్కా, ఇటు చూడు, మంచు ఎంత బాగా పోశారో. ఒక్కొక్కడి మీసం కూడా కనిపిస్తోంది."

"నీ మీసం తగలెయ్య, నన్నొదిలెయ్" అంటూనే తలెత్తింది.

సంతలో గుంపు పాట పాడుతోంది. చేపలవాళ్ళు, సైనికులు, పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు. వాళ్ళ మధ్యనుంచి లావుపాటి వ్యాపారి వేషగాడొకడు నడిచొచ్చి సరిగ్గా వేదిక మధ్య నిలబడ్డాడు. గోధుమరంగు కోటు. నక్కతోలు కాలరు. గుండీలు నల్లది, తెల్లది, నల్లది, నల్లది.

నున్జియాత స్టూలు వెనక్కి పడింది. "ఉంది. కతెల్లో, ఉందిరా. చిరగలేదు, కాలలేదు, ఉందిరా" అని అతని భుజం పట్టుకుని ఊపేసింది. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. అట్టముక్క లేని కోటుని వేషాల కోటే అనుకుని గాయకుడికి తొడిగేశారన్నమాట. ఈ తెర పెట్టించిన మహానుభావుడెవరో, పొద్దున తిట్టినవన్నీ వెనక్కి తీసుకుంది.

ఆ సంతోషం అరనిమిషం నిలిచింది. తను చూస్తోందంటే డోన్న ఎర్సీలియా కూడా చూస్తోంది. రెండో అంతస్తు, తొమ్మిదో బాక్సు, వేదికకి ఎదురుగా. చేతిలో దుర్భిణి. భద్రంగా ఉన్నాడని తను చెప్పిన మనిషి కోటు, ఎవడి ఒంటి మీదో, ఊరందరి ముందు.

ఫోను తీసింది. "తొమ్మసీనా, వెతకడం ఆపు. సంతలో వ్యాపారి ఒంటి మీదుంది. తెర పడగానే ఒలిచి పట్టుకురా."

"ఎవరి ఒంటి మీద? ఆ బండోడి మీదా? నేనే తొడిగానే వాడికి నిన్న, సరిగ్గా పట్టేది అదొక్కటే దొరికింది, హడావిడిలో గుండీలు ఎవరు చూశారు."

"నోర్మూసుకుని పట్టుకురా."

తెర పడింది. చప్పట్లు ఇంకా ఆగలేదు, లిఫ్టు తలుపు తెరుచుకుంది. ముందుగా బయటికొచ్చింది డోన్న ఎర్సీలియానే. ఇనప్పెట్టెలో కాలు పెట్టనన్న మనిషి మెట్లు దిగే ఓపిక లేక దాన్లోనే దిగింది.  ఆమె కౌంటరు దగ్గరికి వచ్చేలోపే నున్జియాత మొదలుపెట్టేసింది.

"అమ్మగారూ, తప్పయిపోయింది. మీకు అబద్ధం చెప్పాను. పొద్దున్నుంచీ కోటు కనపళ్ళేదు. అట్టముక్క మీద అంకె చూసి భయపడి చింపేశారట, దాంతో వేషాల కోట్లలో కలిసిపోయింది. నాదే తప్పు. మీరేం అన్నా పడతాను."

"ముందు నువ్వు ఏడుపాపు. నేను ఎనభై నాలుగేళ్ళదాన్ని, ఏడ్చేవాళ్ళ మాట నాకు సరిగా వినపడదు." డోన్న ఎర్సీలియా కర్ర బల్లకి ఆనించింది. "అబద్ధం నీకు చేతకాదని అప్పుడే తెలిసింది. ఏదో అయిందనుకున్నాను. పైకెళ్ళి దడదడలాడుతూ కూచున్నాను. ఇంతలో ఆయన నడిచొచ్చాడు."

"క్షమించండమ్మగారూ."

"వినవే. ఆయనకి ఇరవయ్యేళ్ళప్పుడు ఈ థియేటరు గుంపు పాటలో చేర్చుకోమని వచ్చి అడిగాడు, తెలుసా? నన్ను చేసుకోకముందు. ఒక్క చరణం పాడించి, మనిషి ఎత్తు బాగుంది, గొంతు మాత్రం ఇంట్లో పెట్టి రమ్మన్నారట. అరవయ్యేళ్ళు చెప్పుకుని ఏడ్చాడు. స్నానాల గదిలో పాడి పక్కింటివాళ్ళ చేత తిట్లు తిన్నాడు. ఆ వేదిక మీద ఒక్కసారి నిలబడితే చాలు ఎర్సీలియా అనేవాడు." ఆమె ఆగి, చేతి రుమాలుతో కళ్ళు కాదు, ముక్కు తుడుచుకుంది. "ఇవాళ నిలబడ్డాడు. నడుమ నిలబడ్డాడు. గొంతు ఇంకొకడిది కాబట్టి పాట కూడా బాగుంది."

నవ్వింది. పదకొండేళ్ళలో నున్జియాత ఆమె నవ్వు వినడం అదే మొదలు. తనకీ నవ్వొచ్చింది, ఏడుపుతో కలిసి ఏదో వికారమైన చప్పుడు బయటపడింది. 

అప్పుడే తొమ్మసీన కోటు రెండు చేతుల మీదా మోసుకుంటూ రొప్పుతూ వచ్చింది. కాలరు మీద కాగితం మంచు ఇంకా అంటుకునే ఉంది. బల్ల మీద పరిచి, డోన్న ఎర్సీలియా మొహంలోకి చూసే ధైర్యం లేక నున్జియాత వెనక్కి చేరింది.

ముసలావిడ ఎప్పటిలా చెయ్యి చాపింది. కోటు చేతిని నిమరబోయి, ఆగిపోయింది. నల్ల తొడుగు ఊడదీసి, వట్టి చేత్తో మళ్ళీ పట్టుకుంది.

"వెచ్చగా ఉందే," అంది.

 పదకొండేళ్ళుగా ఆమె నిమిరినదల్లా చల్లటి గుడ్డ. ఆమె ఆ చేతిని రెండు చేతుల మధ్యా పెట్టుకుని, వేడి తగ్గేదాకా అలాగే నిలబడింది. తర్వాత కాలరు మీది మంచు ముక్కలు ఒక్కొక్కటే ఏరి పారేసింది.

"దీన్ని మళ్ళీ ఎప్పుడు తొడుక్కోవాలి అతను?" అని అడిగింది.

"మూడో అంకంలోనమ్మా," అంది తొమ్మసీన వెనకనుంచి. "అదింకా పావుగంట ఉంది. వేరేది తొడుగుతాను లెండి, అదెంత పని."

"వేరేదెందుకు? ఈ చలికి ఆ లావుపాటాయన్ని బనీనుతో నిలబెట్టావా? తీసుకెళ్ళు. ఆ రెండో గుండీ వదులైంది, కుట్టి మరీ తొడుగు. తెల్లదే ఉంచు." పర్సు తెరిచి ఇత్తడి టోకెన్ తీసి బల్ల మీద పెట్టి నున్జియాత వైపు జరిపింది. "ఇదిగో అమ్మాయ్. ఆయన కోటు అందింది. ఇక నీ పూచీ తీరిపోయింది."

"మరి వచ్చే ఏడాది అమ్మగారూ?"

"వచ్చే ఏడాది టికెట్టు కొనుక్కుని పైనుంచి చూస్తాను. పద, ఆ ఇనప్పెట్టె మీట ఏదో చూపించు, వచ్చేటప్పుడు కంగారులో ఏది నొక్కానో ఏమో."

నున్జియాత ఆమెని లిఫ్టు ఎక్కించి వచ్చింది. గంట మోగింది, జనం లోపలికి పోయారు. ఆమె లోపలి గోడ దగ్గరికెళ్ళి టోకెన్‌ని పదిహేడో కొక్కేనికి తగిలించింది. టోకెన్ లోపలికొచ్చి, కోటు సొంతదారు లేకుండానే బయట తిరగడం ఆ గదిలో అదే మొదటిసారి కాబోలు. ఉన్నట్టుండి విపరీతమైన ఆకలేసింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చి, చెల్లెలికి ఫోను చేసి కూర అడుగంటిందా అని అడిగింది.

"కొంచెం," అంది చెల్లెలు భయంభయంగా.

"పోనీలేవే, కొంచెమేగా" అని, స్టూలు తెర ముందుకు లాక్కుని, మూడో అంకం కోసం కూచుంది.